మగ్గానికి కట్టిన గొంతు

నా కంపెనీలో నేనొక్కణ్నే ఉండేవాణ్ని. యజమాని, ఇంజనీరు, ప్యూను అన్నీ నేనే. పొద్దున యజమానిగా నాకు నేనే పని అప్పజెప్పుకునేవాణ్ని, సాయంత్రం ఉద్యోగిగా సాకులు చెప్పుకునేవాణ్ని. ఇద్దరికీ పడేది కాదు. అయినా ఒకే కుర్చీ గనక సర్దుకుపోయేవాళ్ళం.

నేతపని వెతుక్కుంటూ సూరత్ చేరిన మా ఇంట్లో మూడు తరాలవాళ్ళు పేకతో బట్ట నేశారు. నేను పేకమేడలు కట్టాను. మొదటి మేడ, సూరత్ రింగ్ రోడ్‌లో చీరల దుకాణాలకు బిల్లులు వేసిపెట్టే సాఫ్ట్‌వేర్. అది తప్పటడుగులు మాని నడవబోతున్న వేళకు లాక్‌డౌన్ వచ్చి మార్కెట్లన్నీ షట్టర్లు దించుకున్నాయి. అమ్మకమే లేనిచోట బిల్లు ఎందుకు? వాడుతున్న కొద్దిమంది వ్యాపారులూ మర్యాదగా ఫోన్ ఎత్తడం మానేశారు.

ఆ మార్కెట్లోనే పనిచేసే నా బావమరిది నన్ను ఓదార్చడానికి ఫోన్ చేశాడు.

"బావా, ఫికర్ చెయ్యకు. మార్కెట్ తెరవంగనే మా సేఠ్‌కు కంప్యూటర్ కాడ కూసునేటోడు కావాలట. నీ పేరు చెప్పిన."

"నాకు కంపెనీ ఉంది కదరా."

"ఉంటె ఉండనియ్ బావా. అది గూడ ఇంట్లనే ఉంటది, యాడికి పోతది?"

వాడి మాటలో వెటకారం లేదు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది. ఇక నాకు మిగిలింది ఒక్క ప్రయత్నం. అది నిలబడితే కంపెనీ ఉంటుంది, లేకపోతే రింగ్ రోడ్‌లో ఇంకొకరి సాఫ్ట్‌వేర్ ముందు కూర్చుని బిల్లులు కొట్టాలి.

ఇంట్లో కూర్చుని కూర్చుని రెండో మేడకు పునాది తవ్వాను. మా దగ్గర ఒక్కో కార్మికుడు చాలా మరమగ్గాలు చూసుకుంటాడు. ఒక మూల దారం తెగి మగ్గం ఆగితే, ఇంకో మూలనున్న మనిషికి వెంటనే తెలియదు. ప్రతి మగ్గానికీ ఒక పాత ఫోన్ కట్టేస్తే? మగ్గం ఆడినంతసేపూ ఫోన్ కూడా అదురుతుంది. అదురు ఆగిన మరుక్షణం, "నేను ఆగిపోయాను, రండి" అని ఫోనే నోరు విప్పి పిలుస్తుంది. మగ్గానికి గొంతు ఇస్తున్నాను అనుకుని నా వీపు నేనే తట్టుకున్నాను. కంపెనీలో తట్టడానికి మరొకరు లేరు మరి.

నా గొంతు రికార్డులో పడిశం పట్టినట్టు వస్తుంది. అందుకని మా ఆవిణ్ని అడిగాను.

"ఏమని చెప్పాలె?"

"నాలుగవ మగ్గము ఆగినది, దయచేసి రండి, అని."

"దయచేసి రండి అంటె పెండ్లికి పిలుస్తున్నరనుకుంటడు. పనికి ఎవ్వడు రాడు."

మాట తనే మార్చుకుంది. "మాస్టరన్నా, నాల్గో మగ్గం ఆగింది, జర రాండ్రి!" మాస్టర్ అంటే మగ్గం ఎందుకు ఆగినా ముందు వచ్చి బాగుచేసే పెద్ద మనిషి. దుప్పటి కప్పుకుని, ఒక్కో మగ్గానికి ఒక్కోసారి చెప్పింది. ఏడో మగ్గం దగ్గర కుక్కర్ విజిల్ వేసింది. మళ్ళీ చెప్పమంటే, "పప్పు మాడుతది" అని దుప్పట్లోంచి లేచి వెళ్ళిపోయింది. ఏడో మగ్గం విజిల్‌తోనే మిగిలింది.

పరీక్షించడానికి సూరత్ దగ్గరి కిమ్‌లో ఒక సేఠ్ ఒప్పుకున్నాడు. మా బాపు తన ఉద్యోగమంతా చేసింది ఆయన మగ్గాల షెడ్డులోనే. సూరత్‌లో ఆ షెడ్డును ఖాతా అంటారు. మిగతా దేశానికి ఖాతా బ్యాంకులో ఉంటుంది, మా బాపుకు మాత్రం చెవుల్లో ఉండిపోయింది. అంటే వినికిడి సగం అక్కడే జమ చేసి వచ్చాడు.

దారులు కాస్త తెరుచుకోగానే బాపును స్కూటర్ మీద ఎక్కించుకుని వెళ్ళాను. కార్మికులంతా సొంతూళ్ళకు పోయారు. మగ్గాలన్నీ నిశ్శబ్దంగా ఉన్నాయి, పైన పిచ్చుకలు మాత్రం తిరుగుతున్నాయి. బాపు ఫోన్‌ను ఉయ్యాలలా ఊపి ఆపితే, మా ఆవిడ గొంతు ఖణేల్మని లేచి షెడ్డు ఆ చివరి గోడకు తగిలి తిరిగి వచ్చింది.

"వినబడ్డదా బాపూ?"

బాపు తల ఊపాడు.

"మంచిగుందా?"

ఇంకా గట్టిగా ఊపాడు. నేను పొంగిపోయాను. పుట్టినప్పటినుంచీ మగ్గాల మోతలో పెరిగినవాణ్ని, కొన్ని నెలల నిశ్శబ్దానికే ఆ మోత ఎలా ఉంటుందో మరిచిపోయాను. పైగా సగం వినపడని మనిషిని పరీక్షకుడిగా పెట్టుకున్నాను. నేతవాడి కొడుకు తప్ప ఇంకెవరూ ఇంత ధైర్యంగా ఇంత తప్పు చెయ్యలేరు.

కార్మికులు తిరిగొచ్చారు. ఖాతా మొదలైంది. ఫోన్లన్నీ కట్టి, సేఠ్‌ను పక్కన నిలబెట్టుకుని, నాలుగో మగ్గం ఆపించాను. మిగతా మగ్గాలు ధడధడా ఆడుతున్నాయి. ఫోన్ తెర మీద గొంతు వస్తున్న గుర్తు పైకీ కిందికీ ఎగురుతోంది. వినబడటం మాత్రం లేదు. చెవి ఆనించి విన్నాను. దోమ రహస్యం చెబుతున్నట్టుంది.

మామూలు రోజుల్లో ఖాతాలో ఎవరూ చెవులను నమ్ముకోరు. పెదాల కదలిక చూసి మాట పట్టుకుంటారు. ఇప్పుడు ముఖాలన్నీ మాస్కుల వెనక ఉన్నాయి. మాస్టర్ నాకేదో చెప్పాడు, కళ్ళు తప్ప ఏమీ కనబడలేదు. నేను బాపు కొడుకుని కదా, తల ఊపాను.

సేఠ్ నన్ను బయటికి తీసుకొచ్చాడు. ఆయన గుజరాతీ కలిసిన హిందీలో అన్నదాని సారం ఇది:

"భాయ్, నీ ఫోన్ మనిషిని పిలుస్తోందా, మనసులో జపం చేసుకుంటోందా? మీ నాన్న చూశాడన్నావు?"

"చూశారు సేఠ్. బాగుందని తల ఊపారు."

"ఖాతాలో పనిచేసినవాడు దేనికైనా ఊపుతాడు. ఇంటికి నిప్పంటుకుందన్నా ముందు తల ఊపి, తరవాత ఏమన్నావని అడుగుతాడు." కాసేపు నవ్వి, నవ్వు ఆపి అన్నాడు. "సోమవారం ఇంకోసారి చూపించు. అప్పుడూ ఇంతే అయితే ఫోన్లు విప్పుకుపో."

ఆ సోమవారం నుంచే రింగ్ రోడ్ దుకాణానికి రమ్మని బావమరిది కబురు. ఒక్క రోజు ఆగమని, వాడికి సోమవారం సాయంత్రం చెబుతానన్నాను.

ఆదివారం మా ఆవిడ డుమస్ పోదామంది. "రేపటి సంది సేఠ్ దుకాన్ల కూసుంటవో, నీ కంపెనీల కూసుంటవో. ఇయ్యాల్నన్న సముద్రం కాడ కూసో." స్పీకర్ కొందామా, సైరన్ పెడదామా అని ఆలోచిస్తూ టమాటా బజ్జీలు తిన్నాను. సైరన్ పెడితే కార్మికులు ఖాతా వదిలి పారిపోతారు. బజ్జీలు బాగున్నాయి, ఆలోచనలు బాగోలేవు.

పొద్దు వాలుతోంది. బాపు నీళ్ళ దాకా నడిచి వెళ్ళి అక్కడే నిలబడ్డాడు. గాలి హోరు. పిలిచినా వినబడదు. మా ఆవిడ పిలవనేలేదు. స్కూటర్ తాళం తిప్పి, లైటును బాపు వైపు మూడుసార్లు వెలిగించి ఆర్పింది. బాపు వెనక్కి తిరిగి, వస్తున్నానని చెయ్యెత్తాడు.

ఇందులో కొత్తేమీ లేదు. మా ఇంట్లో బాపును అన్నానికి పిలవాలంటే ట్యూబ్‌లైటు స్విచ్చు ఆడిస్తాం. ఎన్నో ఏళ్ళుగా నేనే ఆడిస్తున్నాను. ఆ రోజు మాత్రం బజ్జీ చేతిలో అలాగే ఉండిపోయింది. ఇంట్లో ఇంకో ట్యూబ్‌లైటు ఉందనీ, అది ఇంజనీరింగ్ చదివిందనీ తెలిసింది.

"ఏందయ్యా, మిర్చి తగిలిందా?" అంది మా ఆవిడ.

"లైటు తగిలింది" అన్నాను.

సోమవారానికి ఫోన్లు కొత్త విద్య నేర్చుకున్నాయి. మగ్గం ఆగితే ఫోన్ వెనకనున్న టార్చి చీకట్లో మిణుగురులా వెలుగుతూ ఆరుతూ ఉంటుంది. గొంతు తీసెయ్యాలనే అనుకున్నాను. కానీ దుప్పట్లో చెమటలు కక్కుతూ చెప్పిన మాటలు అవి. చెరిపే బటన్ దాకా వెళ్ళిన వేలు వెనక్కి వచ్చింది. ఎలాగూ వినబడదు కదా, ఉంటే ఎవరికి బరువు?

సేఠ్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తొమ్మిదో మగ్గంలో దారం తెగింది. టార్చి మిణుకుమంది. షెడ్డు ఆ చివరనుంచి మాస్టర్ తల తిప్పి, ఇటు నడిచాడు. మరో మగ్గం ఆగింది, మళ్ళీ వచ్చాడు. సేఠ్ మాస్కు మీది కళ్ళు మెల్లగా చిన్నవయ్యాయి. అది నవ్వో అనుమానమో నాకు అర్థం కాలేదు.

సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది.

మగ్గాలన్నీ ఒక్కసారే ఆగాయి. చెవుల్లో గుయ్యిమనే నిశ్శబ్దం. నా గుండె ఆగిందా అనుకునేలోపు, ఫోన్లన్నీ ఒకేసారి టార్చీలు కొడుతూ నోరు విప్పాయి.

"మాస్టరన్నా, నాల్గో మగ్గం ఆగింది, జర రాండ్రి!" "మాస్టరన్నా, తొమ్మిదో మగ్గం…" "మాస్టరన్నా, మాస్టరన్నా…" షెడ్డు నిండా మా ఆవిడే. మధ్యలో ఏడో మగ్గం కుక్కర్ విజిల్ వేసింది.

మాస్టర్ కరీంనగర్ వైపు మనిషి. మాస్కు కిందికి లాగి, రెండు చేతులూ జోడించాడు.

"ఒక్కణ్నే ఉన్న చెల్లె! ఏ మగ్గం కాడికని రావాలె? ముందుగాల్ల పప్పు దించు!"

కార్మికులు విరగబడి నవ్వారు. తెలుగు రానివాళ్ళు కూడా విజిల్‌కు నవ్వారు. సేఠ్‌కు ఎవరో అర్థం చెబితే ఆయన కడుపు పట్టుకుని పడుగు చుట్టే బీమ్ మీద కూర్చుండిపోయాడు. చాలా కాలంగా ఆ ఖాతాలో అంత నవ్వు వినబడి ఉండదు. నవ్వు వినబడాలన్నా కరెంటు పోవాల్సిన చోటు అది.

"గొంతు తీసేస్తాను సేఠ్" అన్నాను, సిగ్గుతో.

"లైటు పనికి, గొంతు సరదాకి. రెండూ ఉండనీ" అన్నాడు ఆయన, కళ్ళు తుడుచుకుంటూ. "కిమ్‌లో నా దోస్తులవి ఇంకో రెండు ఖాతాలున్నాయి. వాళ్ళకూ కట్టు. విజిల్ మాత్రం తీయకు."

వెంటనే మా ఆవిడకు ఫోన్ చేశాను. సంగతి చెప్పి, "నీ గొంతుకు ఉద్యోగం వచ్చింది" అన్నాను.

"అయితె ఇగ కంపెనీల ఇద్దరమా?" అంటూండగానే కరెంటు వచ్చి మగ్గాలు అందుకున్నాయి. ఆ తరవాత ఆమె చాలాసేపు ఏవో షరతులు చెప్పింది. ఒక్కటీ వినబడలేదు. అన్నిటికీ ఒప్పుకున్నాను.

బావమరిదికి దారిలోనే చెప్పేశాను, ఇంకెవరినైనా చూసుకొమ్మని. "నువ్వు మారవు బావా" అన్నాడు. ఇంటికి చేరేసరికి బాపు గోడకు ఆనుకుని కునుకు తీస్తున్నాడు. ట్యూబ్‌లైటు స్విచ్చు ఆడించాను. కళ్ళు తెరిచి, "ఏందిరా?" అన్నాడు.

నోటితో చెప్పలేదు. ఖాతాలో మనుషులు చేసుకునే సైగ చేశాను. పిడికిలి బిగించి, పేక దారం మోసే నాడె మగ్గంలో పోయి వచ్చినట్టు అటూ ఇటూ ఆడించడం. నడుస్తోంది, అని దానర్థం.

బాపు తల ఊపాడు. ఈసారి అర్థమయ్యే ఊపాడనుకుంటాను.