రేగడి మింగిన మైలుతుత్తం

రాజమండ్రిలో బీఎస్సీ చివరి ఏడాది చదువుతున్నప్పుడు నాకూ నా స్నేహితురాలికీ కలిపి ఒక ప్రాజెక్టు ఇచ్చారు. నీళ్లలో కలిసిన లోహాలను మట్టి ఎలా పట్టుకుంటుందో చూపించాలి. రామచంద్రపురం దగ్గర మా పొలంలోని నల్లరేగడి ఒక గాజు గొట్టంలో, ధవళేశ్వరం నుంచి తెచ్చిన ఇసుక మరో గొట్టంలో నింపాం. రెంటిలోనూ మైలుతుత్తం, అదే కాపర్ సల్ఫేట్, కలిపిన నీలం నీళ్లు పోశాం. ఇసుకలోంచి నీలంగానే దిగాయి. రేగడిలోంచి మాత్రం బొట్టు బొట్టుగా, తేటగా దిగాయి.

మా ల్యాబ్ అటెండరు గారు పెద్దాయన. "గాజు సామాను పగలగొట్టడానికే పుట్టారమ్మా మీరు" అని రోజూ సణిగేవారు. ఆయన్ని కాస్త ఏడిపించాలనిపించింది.

"ఏంటండీ బాబాయ్ గారూ, మా మైలుతుత్తం పారబోసి కుళాయి నీళ్లు పెట్టారా?" అని తేట నీళ్ల బీకరు చూపించాను.

"అన్నవరం సత్యనారాయణస్వామి మీద ఒట్టమ్మా, నేను ముట్టుకోలేదు!"

అమ్మోనియా చుక్కలు వేశాం. రాగి ఉంటే ముదురు నీలం రావాలి, రాలేదు. ఆయన ముఖం చిన్నబోయేసరికి నా స్నేహితురాలు ఫక్కున నవ్వి అసలు సంగతి చెప్పేసింది. రాగి ఎక్కడికీ పోలేదు, బంకమట్టి రేణువులకు అంటుకుని ఆ గొట్టంలోనే ఉంది. ఆయన గొట్టాన్ని ఎగాదిగా చూసి వెళ్లిపోయారు. నాకు కొంచెం సిగ్గేసింది. కొంచెమే.

దసరా సెలవులయ్యాక ప్రిన్సిపాల్ గారు ప్రాజెక్టులు చూడటానికి వచ్చారు. "తేటగా దిగుతాయి, చూడండి సార్" అంటూ గొప్పగా నీలం నీళ్లు పోశాను. కాసేపటికి దిగినవి నీలమే!

"ఇదేనా తేట?" అన్నారాయన.

గుమ్మం దగ్గర నుంచి అటెండరు గారు అందుకున్నారు. "సెలవుల్లో రోజూ ఆ గొట్టంలో మైలుతుత్తం పోశానండి. నాలుగు రోజులు తేటగానే దిగిందండి. ఐదో రోజు నుంచీ నీలం. మట్టికి మాత్రం కడుపు నిండదా అండీ?"

మా లెక్చరర్ మేడమ్ తిట్టలేదు. ఏ పూట ఎన్ని బీకర్లు పోశారని అడిగితే, ఆయన బీరువా తలుపు లోపల సుద్దముక్కతో గీసుకున్న గీతలు చూపించారు. వాటితోనే మేం గ్రాఫ్ గీశాం. మా రికార్డులో మేడమ్ మెచ్చుకున్న పేజీ అదొక్కటే. దాని కింద ఆయన పేరు వేయమన్నారావిడ.

"స్పెల్లింగు తప్పు రాయకండమ్మా" అంటూ ఆయన పక్కనే నిలబడి, ఒక్కో అక్షరం చెప్పి మరీ రాయించుకున్నారు.