లోవమ్మ కారు ఎక్కిళ్ళు

పాలకొల్లు బైపాసులో మెకానిక్ షెడ్డు పెట్టకముందు సత్తియ్య పెళ్ళి భోజనాల్లో వడ్డన చేసేవాడు. బంతి మంచి ఊపులో ఉండగా సాంబారు బకెట్టు ఎవరి చేతిలోనో పెట్టేసి, పందిరి వెనక జనరేటరు దగ్గర చెవొగ్గి నిలబడేవాడట. "మధ్యలో ఒక గుటక మింగేస్తోందండి ఇది" అని ఆపరేటరుకి చెప్పేవాడట. "సాంబారు అందనివాళ్ళ శాపాలే నన్ను మెకానిక్కుని చేశాయండి" అంటాడు ఇప్పుడు.

ఆ కేటరింగు అతని భార్య రామతులసి అన్నయ్యది. "వచ్చెయ్ బావా, వడ్డనకి మనుషుల్లేరు" అని ఇప్పటికీ ఫోన్లు చేస్తుంటాడు. కార్లలోకి కంప్యూటర్లు దూరాక సత్తియ్య చేతికి పని తగ్గింది. చివరికి తులసి తేల్చేసింది: "ఈ లోవమ్మగారి కారు బాగవకపోతే షెడ్డుకి తాళం. అన్నయ్య దగ్గరికే."

లోవమ్మది మొగల్తూరు, ఎండుచేపల వ్యాపారం. వానకి ఆవిడ డీజిలు కారులోకి నీళ్ళు చేరి ఇంజిను కంప్యూటరూ, తాళంచెవిని గుర్తుపట్టే పెట్టె, రెండూ పోయాయి. ఎక్కడో పాత బండివి తెచ్చి బిగించారు. అప్పట్నుంచీ కారు స్టార్టవుతుంది గానీ ఎక్కిళ్ళు పెడుతుంది, నల్లగా పొగ కక్కుతుంది.

"ఏంటయ్యా సత్తియ్యా, నేను చేపలు కాల్చుకుంటూ పోతున్నాననుకుంటున్నారు వెనకాల వాళ్ళు!"

"ఆయ్, చూద్దామండి."

నా మోపెడ్ కోసం వెళ్ళి బల్లమీద కూలబడ్డవాణ్ణి, అదంతా చూస్తూ ఉండిపోయాను. ఫిల్టరు మార్చాడు. వైర్లన్నీ తడిమాడు. డీజిలు సీసాలో పట్టి ఎండకెత్తి చూశాడు. కారు కంప్యూటరుకి స్కానరు తగిలిస్తే తప్పులేమీ లేవంది.

"అబద్ధాలకోరు! ఇల్లు ఊగిపోతుంటే అంతా కులాసా అంటోంది చూడండి" అని దాన్ని తిట్టాడు.

మధ్యాహ్నం తులసి క్యారేజీ తెచ్చింది. మమ్మల్నీ కూర్చోబెట్టి విస్తళ్ళేసింది. అందరికీ ఒకే కొలతన అన్నం గుట్టలు పోస్తుంటే లోవమ్మ రెండు చేతులూ అడ్డం పెట్టింది.

"అమ్మో, చాలమ్మా! మీ ఆయనకి పెట్టినంత నాకూ పెడితే ఎలాగ? ఎవరి కడుపు వాళ్ళది."

సత్తియ్య ముద్ద నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

"బంతిలో కొత్తోణ్ణి నిలబెట్టారండి! ఏ విస్తరికెంతో వాడికి ఎవరూ చెప్పలేదు!"

మేం తెల్లమొహాలు వేశాం. అప్పుడు విడమర్చి చెప్పాడు. ఇంజినులోకి డీజిలు చిమ్మే ఇంజెక్టర్లు నాలుగూ ఒక్కలా ఉండవు. ఒకటి చుక్క ఎక్కువ పోస్తుంది, ఒకటి తక్కువ. ఏది ఎలాంటిదో దాని నెత్తినే కోడు రాసి ఉంటుంది. తడిసిపోయిన కంప్యూటరుకి ఆ కోడ్లు తెలుసు కాబట్టి దేనికి తగ్గట్టు దానిచేత పోయించేది. కొత్తగా వచ్చింది ఇంకో బండి కోడ్లు బుర్రలో పెట్టుకుని వచ్చింది.

"అంటే పాత అత్తారింటి లెక్కలతో నా ఇంట్లో కాపురం చేస్తోందా?" అంది లోవమ్మ.

"ఆయ్! అచ్చంగా అంతేనండి!"

ఎంగిలి చెయ్యి కడుక్కుని బోనెట్టు ఎత్తాడు. ఇంజెక్టర్ల మీది అక్షరాలు తులసి చదువుతుంటే తను స్కానరులో కొట్టాడు. మొదటి కోడుని అది ఒప్పుకోలేదు.

"సరిగ్గా చదువు తులసీ! అది బీ నా, ఎనిమిదా?"

"మసి తుడవకుండా చదవమంటే నాకేమైనా దివ్యదృష్టుందా?"

కొంగుతో తనే రుద్ది చూసింది. ఎనిమిదే. స్కానరు ఒప్పుకుంది. మిగతా మూడూ ఎక్కించి తాళం తిప్పాడు.

లోవమ్మ కంగారుపడింది. "ఆగిపోయిందేంటి?"

"నడుస్తోందండి."

నమ్మకం కుదరక, పిల్లాడికి జ్వరం చూసినట్టు బోనెట్టు మీద చెయ్యి వేసింది. వెనక్కెళ్ళి పొగగొట్టం వైపు వంగి చూసింది. అక్కడ పొగ లేదు. కారెక్కి, ఎండుచేపల బుట్టలతో సంతకి పోయింది. మలుపు తిరిగేదాకా ఒక్క ఎక్కిలీ వినపడలేదు.

తులసి ఫోను తీసి అన్నయ్యకి కలిపింది.

"అన్నయ్యా, మీ బావ రాడు. అబ్బే, అలకేం లేదు. ఈయన్ని బంతిలోకి దింపావంటే విస్తరి విస్తరికీ ఆగి, మీ కోడెంతండీ అని అడుగుతాడు. పెళ్ళివారు కొడతారు. వేరే మనిషిని చూసుకో."

ఫోను పెట్టేసి మావైపు తిరిగింది.

"చల్లారిపోతోంది, తినండి."