కట్టెల మామకు మూడింది

నాకు అక్షరాలు వచ్చింది అరవై దాటినాక. ముందు అరవం నేర్చుకున్నాను, తరువాత తెలుగు. అంతకు ముందు నేను చదువు రాని మనిషిని. ఆ సంగతి దాచుకుంటే ఇది చెప్పడానికి కుదరదు. జరిగిన తప్పులో సగం నా చదువులేనితనానిది, మిగతా సగం మా అవ్వ చెవులది.

నేను కోవిల్పట్టికి కోడలుగా వచ్చిన రెండో ఏడు అది. పుట్టింది ఎట్టయాపురం పక్క నల్లరేగడి పల్లెలో. మా పల్లెలో పొయ్యికి కావలసింది ఎవరి చేలో వారికే దొరికేది. పత్తి తీసినాక పత్తికట్టె పీకి వామి వేసుకునేవాళ్ళం, ఎద్దులు ఉన్నాయి గనుక పిడకలకు లోటు లేదు. పట్నంలో అట్లా కాదు. మా వీధి పొయ్యిలన్నీ ఒక్క మనిషి చేతిలో ఉండేవి. రైలు గేటు దగ్గర కట్టెల అడితి పెట్టుకున్నాయన. మా వాళ్ళే, మా అత్తకు వరసకు అన్న. వీధి అంతటికీ ఆయన కట్టెల మామ.

ఆయన కట్టె ఎప్పుడూ తడిగా ఉండేది. ఎండాకాలంలో కూడా ఎట్లా తడిపేవాడో ఆయనకే తెలియాలి. పొయ్యి ఊది ఊది నా కళ్ళు ఎర్రబడేవి. అది చూసి మా ఆయన నాయన, "ఎందుకమ్మే ఏడుస్తుండావు, నీ అత్త ఏమన్నా అనిందా?" అని అడిగేవాడు. అత్త అనింది కూడా ఉండేది, కాని ఆ ఏడుపు మాత్రం కట్టెదే.

అప్పుడు మా ఆడబిడ్డ కాన్పుకు వచ్చి ఉంది. బిడ్డ పుట్టి పదమూడు రోజులు. మనిషి చిక్కి సగమైంది. మూడు నెలలు పుట్టింట్లో ఉండి ఒళ్ళు తేరుకోవాలని దాని ఆశ. దాని అత్త విరుదునగర్ మనిషి, చదువుకున్నది, మాటకు ముందు వేలు చూపించే రకం. ఆమె దగ్గరనుంచి కబురు వచ్చింది: ఎల్లుండి పొద్దుటి రైలుకు వస్తున్నాను, బాలింతకూ బిడ్డకూ వేన్నీళ్ళు మొదలు అన్నీ సరిగా జరుగుతున్నాయో లేదో చూస్తాను, లోటు కనిపిస్తే ఇద్దరినీ వెంటబెట్టుకొని పోతాను.

కబురు విన్నప్పటినుంచి ఆడబిడ్డ గోడవైపు తిరిగి పడుకుంది. "వదినా, అక్కడికి పోతే మూడోనాడే నా చేతికి రోకలి ఇస్తారు," అంది. కాబట్టి దాని మూడు నెలలు ఒక కాగు వేన్నీళ్ళ మీద ఆధారపడి ఉన్నాయి.

మరునాడు పొద్దున ఇంట్లో చూస్తే రెండు కాగులకు సరిపోయేన్ని పిడకలు, ఒక మోపు పత్తికట్టె. అత్త నన్ను అడితికి పంపింది. పోయి చూస్తే తలుపుకు తాళం. తలుపు మీద బొగ్గుతో ఏదో పొడుగ్గా రాసుంది. దాన్ని కాసేపు చూశాను. గోడమీద బల్లిని చూసినట్టే చూశాను. అటు పోతున్న బండివాణ్ణి అరవంలో అడిగితే వాడు ఎద్దుల తోక మెలిపెడుతూ, "మూడిట్టారు, తాయీ," అని వెళ్ళిపోయాడు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. అరవంలో మూడడమంటే మూయడం. కొట్టు మూసేశాడని వాడు చెప్పాడు. మా ఇంటి తెలుగులో ఒకనికి మూడిందంటే వాని రోజులు అయిపోయాయని. మేము రెండు మాటలూ ఒకే నోటితో మాట్లాడుకునేవాళ్ళం, ఏనాడూ అవి ఒకదానికొకటి తగులుకోలేదు. ఆ రోజు తగులుకున్నాయి.

ఇంటి అరుగు మీద మా ఆయన నాయనమ్మ కూర్చొని ఉంది. మేమంతా ఆమెను అవ్వ అనేవాళ్ళం. ఆమెకు ఒక చెవి బొత్తిగా లేదు, రెండోది తనకు ఇష్టమైనప్పుడు పనిచేసేది.

"కట్టెలేవమ్మే?"

"లేవవ్వా. కట్టెల మామ మూడిట్టారంట."

"ఎవురికి మూడింది?"

"కట్టెల మామ, అవ్వా. మూడి..."

"కట్టెల మామకు మూడిందా? అయ్యో కొడకా, నిన్నగాక మొన్న చూస్తినే."

నేను కాదని చెప్పేలోపల ఆమె కొప్పు విప్పేసింది, గొంతు ఎత్తేసింది. చెవులు పోయినా గొంతు పోలేదు. ఆ ఏడుపుకు ఎదురింటావిడ వచ్చింది, పక్కింటావిడ వచ్చింది, అత్త చేటతో సహా పరుగెత్తుకొచ్చింది. అంతమంది పెద్దవాళ్ళు ఏడుస్తుంటే, కొత్త కోడలు మధ్యలో నిలబడి మీరంతా తప్పుగా ఏడుస్తున్నారని ఎట్లా చెప్పేది? పైగా ఏడుపు వినేకొద్దీ నాకే అనుమానం వచ్చింది. తలుపు మీద రాసింది చావు కబురేనేమో. రాత తెలియని వాళ్ళకు ప్రతి రాతా చావు కబురు లాగానే కనిపిస్తుంది. నేనూ కొప్పు విప్పాను.

చావు జరిగిన ఇంట పొయ్యి వెలిగించరు. చుట్టాలే కూడు వండి పంపాలి. అత్త కళ్ళు తుడుచుకొని పెద్ద గుండిగ దింపమంది.

"అత్తా, ఉండేది రెండు కాగులకే. రేపు వియ్యపురాలు..."

"నోరు ముయ్యమ్మే. అందరికంటే ముందు మన కూడు పోవాల. అడితిలో మిగిలిండే కట్టె రేపు ఎవురికిస్తారు? ముందు కూడు పెట్టినోళ్ళకి ఇయ్యకుండా పోతారా?"

దుఃఖంలో కూడా ఆమె లెక్క తప్పలేదు. పత్తికట్టె మోపు మొత్తం, పిడకలు మొత్తం ఆ గుండిగ కింద పెట్టాను. కూడు, పప్పుచారు. చివరి పిడక కాలుతుంటే లోపలినుంచి పసిబిడ్డ ఏడ్చింది. దానికొక్కదానికే పరిస్థితి సరిగా అర్థమైనట్టుంది.

గుండిగ ఎత్తుకొని ఆడవాళ్ళం పదిమందిమి కట్టెల మామ ఇంటికి పోయాము. వీధి మొగదలనుంచే ఏడుపు ఎత్తుకున్నాము. తలుపు ఓరగా వేసి ఉంది. ముంగిట్లో గుండ్రంగా కూర్చొని ఒకరి భుజాల మీద ఒకరు చేతులు వేసుకొని మొదలుపెట్టాము. ఎదురింటావిడ రాగం తీసింది: "తడికట్టె ఎరుగని ధర్మరాజువే." మొన్ననే ఆమె ఆయన తూకాన్నీ, ఆయన్నీ, ఆయన్ని కన్నవాళ్ళనూ నడివీధిలో తిట్టింది. మా అత్త అందుకుంది: "పేడు కూడా ఎక్కువేసి ఇచ్చిన చెయ్యే." పేడంటే చిన్న చెక్కముక్క. అట్లాంటిది ఆయన చేతినుంచి జారిపడినా వంగి తీసుకునేవాడు.

ఇంచుమించు ఒక కుండ అన్నం ఉడికేంతసేపు ఏడ్చాము. అప్పుడు తలుపు సందులోనుంచి వేపపుల్ల నములుతున్న చప్పుడు వినిపించింది. తరువాత కట్టెల మామే బయటికి వచ్చాడు.

"ఆపేసినారేమమ్మే? బాగుండాది. ఇంకొంచెం చెప్పండి."

ఎదురింటావిడ నోరు తెరిచింది తెరిచినట్టే ఉంది. అవ్వ మాత్రం తల ఎత్తకుండా ఇంకో రెండు చరణాలు ఏడ్చింది. ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఆయన పెళ్ళాం వెనకనుంచి, "మీ ఏడుపు మొదలైనప్పటినుంచీ వింటానే ఉండాడు. పోయి చెప్పయ్యా అంటే, ఉండే, పదేండ్లలో ఇప్పుడే ఒక మంచి మాట వింటుండాను అంటాడు," అంది.

సంగతి తేలింది. పడమటి కొండల దిక్కునుంచి వచ్చే కట్టెబండ్లు ఇప్పుడు ఊరవతలి పత్తి కార్ఖానాకే నేరుగా పోతున్నాయట. అక్కడ బాయిలరుకు ఎంత పెట్టినా చాలదు, బండివాడు ఒక్కచోట దించి ఇంటికి పోతాడు. అడితికి నెల రోజులుగా ఒక్క బండీ రాలేదు. ఉన్నది ఊడ్చి అమ్మేసి తాళం వేశాడు. తలుపు మీద రాసింది కూడా ఆయనే చెప్పాడు: కట్టెలు లేవు, ఊరికే తలుపు తట్టవద్దు.

అందరూ నావైపు చూశారు. నేను గుండిగవైపు చూశాను.

చావింటికి తెచ్చిన కూడు తిరిగి ఇంటికి తీసుకుపోరాదు. చావు లేకపోయినా కూడు తెచ్చింది చావుకే కదా అని అవ్వ తేల్చింది. కాబట్టి కట్టెల మామ తన చావుకూడు తనే కూర్చొని తిన్నాడు. రెండోసారి పప్పుచారు అడిగి పోయించుకున్నాడు. ఆయన తింటున్నంతసేపూ మా అత్త స్తంభానికి ఆనుకొని కదలకుండా నిలబడింది. ఆయన చెయ్యి కడుక్కున్నాక అప్పుడు చెప్పింది.

"అన్నా, మా ఇంట పిడక లేదు. నీ చావుకి మండించేసినాము. రేపు పొద్దున వియ్యపురాలు వస్తాది. కాగు చల్లగా ఉంటే నా బిడ్డను లాక్కొని పోతాది. అది ఆ ఇంట బతకదు."

ఆమె గొంతు అట్లా తగ్గడం నేను అంతకు ముందు వినలేదు.

కట్టెల మామ వేపపుల్ల పారేశాడు. మమ్మల్ని రైలు గేటు దగ్గరికి తీసుకుపోయి, అడితి తాళం తీసి లోపలంతా చూపించాడు. నేల నున్నగా ఉంది. నడుము మీద చేతులు పెట్టుకొని, తలుపు పైన ఉన్న అడితి బోర్డు వైపు చూశాడు. నిలువెత్తు మనిషంత పొడుగు, బొటనవేలంత మందం పలక, దాని మీద అరవంలో తెల్లటి అక్షరాలు. గునపంతో దాన్ని ఊడబెరికాడు. నాలుగు ముక్కలు చేసి మోపుకట్టి నా నెత్తికి ఎత్తాడు.

"నేను అమ్మినదాంట్లో ఇదొక్కటే ఎండుకట్టె," అన్నాడు.

ఇంటికి వచ్చినాక అవ్వ అందరినీ తలమీద నీళ్ళు పోసుకోమంది. చావలేదవ్వా అంటే, ఏడ్చినాము గదా అంది. చన్నీళ్ళు పోసుకున్నాము.

మరునాడు విరుదునగర్ ఆమె రైలు దిగి నేరుగా పెరట్లోకి వచ్చింది. కాగు మరుగుతోంది. చెయ్యి పెట్టి వెంటనే తీసేసుకుంది. అప్పుడు వంగి పొయ్యిలోకి చూసింది. చివరి ముక్క మీద అక్షరాలు ఇంకా కనిపిస్తున్నాయి. సగం మసిబారిన వాటిని ఆమె కూడబలుక్కుంటూ చదివింది.

"'మేలైన కట్టెలు ఇచ్చట...' ఏమిది వదినా, పొయ్యిలో రాతలుండాయి?"

మా అత్త కొంగు సర్దుకుంది. "మా ఇంట్లో కట్టెలు కూడా సదువుకున్నవే."

ఆ పెరట్లో చదువు రానిది నాకూ పసిబిడ్డకూ మాత్రమేనని నాకు అప్పుడు తోచింది. ఆ బోర్డులో మిగతా మూడు ముక్కల మీద ఏమి రాసుందో తెలియకుండానే కాల్చేశాను. ఆ సంగతి నన్ను నలభై ఏళ్ళు గీరుతూనే ఉంది.

విరుదునగర్ ఆమె నవ్వలేదు, కాని వేలు కూడా చూపించలేదు. కాగు చుట్టూ ఒకసారి తిరిగి, గోడకు ఆనుకొని నిలబడిన ఆడబిడ్డను పైనుంచి కిందికి చూసి, "సరే, మూడు నెల్లు ఉండనీ," అంది.

అరుగు మీదనుంచి అవ్వ గొంతు వినిపించింది.

"ఎవురికి మూడిందమ్మే?"

అప్పటికే ఆమె చెయ్యి కొప్పు మీదికి పోయింది. నేను పరుగెత్తాను.