సంతకం చెల్లినంత దూరం

మా ఆయన సంతకం చాలా పొట్టిగా ఉండేది. పేరులోని మొదటి అక్షరం, ఒక గీత, కింద ఒక చుక్క. నంద్యాల కాలేజీలో ఆర్థికశాస్త్రం చెప్పే మనిషి సంతకం ఇంతేనా అని పెళ్లయిన కొత్తలో నవ్వాను. "చూడ్డానికి ఎట్లా ఉంటే ఏం? దాని వెనక ఏముందన్నదే లెక్క" అన్నారు.

రెండు నెలలకోసారి కేంద్ర బ్యాంకు వడ్డీ రేటు ప్రకటించే రోజున ఆయన టీవీ ముందు కుర్చీ వేసుకుని, పక్కింటివాళ్లు క్రికెట్ చూసినట్టు చూసేవారు. "బొంబాయిలో ఒక మనిషి పావు శాతం అన్నాడు. ఇక్కడ శనగల వ్యాపారి రేపు ఆలోచించి కొంటాడు, చూడు" అనేవారు. నేను తెలుగు టీచర్ని. ఆ మాటలు నాకు సగమే అర్థమయ్యేవి. ఆయన పోయి ఏడాది కావస్తోంది. ఇప్పటికీ ఆ ప్రకటన రాగానే నా చేయి దానంతట అదే టీవీ శబ్దం పెంచుతుంది. పక్క కుర్చీ వైపు చూడను. కాసేపు ఇల్లంతా నీళ్ల అడుగున ఉన్నట్టు ఉంటుంది.

మా చర్చిలో ఏటా కోత పండుగ చేస్తాం. ఆరాధన అయ్యాక జనం తెచ్చిన కానుకలను ఆవరణలోనే వేలం వేస్తారు. వడ్ల మూట, గుమ్మడికాయ, కోడి, ఒక్కోసారి ఒకే ఒక్క గుడ్డు. గుడ్డు కొన్నవాళ్లు దాన్ని మళ్లీ కానుకగా ఇచ్చేస్తారు, మళ్లీ వేలంపాట మొదలవుతుంది. బజారు ధరతో దానికి సంబంధం లేదు. ధర అంటే ఏమిటో నేర్చుకోవడానికి కాలేజీ కంటే ఈ ఆవరణే మేలని మా ఆయన అనేవారు.

పెద్ద నోట్లు రద్దయిన సంవత్సరం పండుగ నాటికి ఎవరి దగ్గరా చిల్లర లేదు. కొందరి చేతుల్లో కొత్త రెండు వేల నోటు ఉంది. దాన్ని మార్చేవాళ్లు లేరు. చర్చి డబ్బు చూసేది మా ఆయనే. ఆయన పాత ప్రశ్నపత్రాల అట్టలు కత్తిరించి చీటీలు చేశారు. 'ఈ చీటీ తెచ్చినవారికి నూరు రూపాయలు ఇస్తాను' అని నా చేత రాయించారు. కింద తను సంతకం పెట్టారు. రెండు వేల నోటు ఇచ్చినవాళ్లకు ఇరవై చీటీలు. నోటు బిస్కెట్ డబ్బాలోకి పోతుంది. చిల్లర దొరికాక ఎవరు చీటీ తెచ్చినా డబ్బు ఇస్తారు. డబ్బాలో డబ్బు పడనిదే సంతకం పెట్టకూడదు, తిరిగి వచ్చిన చీటీని తెచ్చినవాళ్ల ముందే సంతకం మీదుగా రెండుగా చించాలి. ఇదీ ఆయన నియమం.

వారం తిరగకుండా మా వీధి టీకొట్టులో కూడా ఆ చీటీలు చెల్లాయి. కొట్టు నడిపే సాయిబు మా ఆయనను చూసి, "సారూ, నోటు కంటే నీ చీటీనే మేలప్పా. నోటు ఒక్క రాత్రికే చచ్చిపాయ. నువ్వింకా బతికే ఉండావు" అన్నాడు. అక్కడున్న అందరూ నవ్వారు. ఆయనా నవ్వారు. ఇంటికి వచ్చాక నాతో అన్నారు: "దేశం బలమంటే ఇదే. మన కాగితాన్ని ఎంత దూరంలో ఉన్నవాడు అటూ ఇటూ తిప్పి చూడకుండా జేబులో పెట్టుకుంటాడో, అంత. డాలరు ప్రపంచమంతా పోయింది. నాది టీకొట్టు దాకా పోయింది."

నియమం ఒక్కసారి తప్పారు. వేలం రోజున వెనక వరుసలో పొలం పనులకు పోయే ఒక అవ్వ నిలబడి ఉంది. నోట్లు లేవని ఆమెకు మూడు వారాలుగా కూలి ఇవ్వలేదు. అందరూ పాడుతున్న ఎర్రకోడినే చూస్తోంది. మా ఆయన ఒక చీటీ మీద సంతకం చేసి, వెనక్కి నడిచి, ఆమె చేతిలో పెట్టి వచ్చారు. డబ్బాలో దాని వెనక ఏమీ లేదు. నేను చూశాను. సాయంత్రం అడిగితే, "ఒక్కటే కదా" అన్నారు. డబ్బా మూత వేస్తూ, "బ్యాంకులన్నీ అట్లాగే మొదలుపెడతాయి" అన్నారు. నవ్వలేదు.

కోడిని మూడు వందలకు ఇంకెవరో పాడుకున్నారు. మిగతా చీటీలన్నీ సంక్రాంతిలోపే తిరిగి వచ్చాయి, చిరిగాయి. అవ్వ చీటీ రాలేదు. ఆ నెల జీతంలో నుంచి ఆయన ఒక నూరు తీసి డబ్బాలో పెట్టారు. తర్వాత ప్రతి కోత పండుగకూ కోడి ధర ఎంతో ఎవరినో అడిగి, ఇంకొంత కలిపేవారు. "నూరని రాశాం. కానీ నేను ఆమెకు ఇవ్వాలనుకున్నది కోడి" అనేవారు. ఆస్పత్రి మంచం మీద కూడా అదే మాట. "ఆ ఒక్కటి బయట ఉంది. వస్తే ఇచ్చెయ్. చించడం మరిచిపోవద్దు."

సమాధి మీద రాయి పెట్టేలోపు ఆ మాట చెల్లించాలనుకున్నాను. అవ్వ ఆళ్లగడ్డలో కూతురి దగ్గర ఉంటోందని చర్చిలో తెలిసింది. రాయి చెక్కిస్తున్నదీ ఆళ్లగడ్డలోనే. ఒక పొద్దున డబ్బా సంచిలో పెట్టుకుని బస్సెక్కాను. శనగ చేల మీద మంచు ఉంది. రోడ్డు ఎక్కడ అయిపోతుందో, పొలం ఎక్కడ మొదలవుతుందో తెలియడం లేదు. కునుకు పట్టింది. ఆయన కిటికీ పక్కన కూర్చుని ఆవిరి పట్టిన అద్దం మీద వేలితో సంతకం చేస్తున్నారు. ఊరు దాటినకొద్దీ ఆ గీత పలచబడుతోంది. శిరివెళ్లలో కండక్టరు కేకకు మెలకువ వచ్చింది. అద్దం మీద ఏమీ లేదు.

శిల్పి దగ్గర గాలంతా తెల్లటి రాతిపొడి. సగం చెక్కిన విగ్రహాల మధ్య మా రాయి ఒక పక్కన ఆనించి ఉంది. "పేరు కింద పూలతీగ పెడతానమ్మా. ల్యాకుంటే బోడిగా ఉంటాది" అన్నాడు. బోడిగానే ఉండనిమ్మన్నాను.

అవ్వ వాకిట్లో ఎండకు కూర్చుని ఉంది. నన్ను ఆనవాలు పట్టడానికి కొంచెంసేపు పట్టింది.

"టీచరమ్మా! ఏంది ఇంత సన్నబడినావు? సారు పోయినాడంట గదా. నాకు చెప్పేటోళ్లే ల్యాకపాయ."

చీటీ సంగతి అడిగాను. లోపలికి పోయి బైబిల్ పేజీల మధ్య నుంచి తీసుకొచ్చింది. అంచులు పసుపుపచ్చగా ఉన్నాయి. నా దస్తూరి, ఆయన సంతకం.

"ఇన్నేళ్లు ఎందుకు తేలేదు అవ్వా?"

"యాడ తెస్తాను? కోడిని పాడుకోలేకపోతి. పని చెయ్యని దుడ్లు ఏం మొగం పెట్టుకోని అడిగేది? ఈడికొచ్చినాక ఒకతూరి నూనె ల్యాకుంటే అంగడికి తీసకపోతి. వాడు దీన్ని తిప్పి తిప్పి చూసి, 'అవ్వా, ఇది ఏ దేశం నోటు?' అనె."

"నువ్వేమన్నావు?"

"నంద్యాల దేశమప్పా అంటి."

ఇద్దరం నవ్వాం. చాలా రోజుల తర్వాత నా నవ్వు నాకు వినపడింది. డబ్బా మూత తీసి ఉన్నదంతా ఆమె ఒళ్లో పెట్టాను. అడుగున ఆయన మొదట పెట్టిన పాత నూరు నోటు ఉంది.

"నూరే గదా రాసిండేది?"

"కోడి ధర అవ్వా. ఏటేటా కలుపుతూ వచ్చారు."

ఆమె వేళ్లతో లెక్కపెట్టింది. "నాటుకోడి ఇప్పుడు ఇంతకు రాదమ్మా. సారుకు బజారు తెలీదు."

నేను నా పర్సు తీశాను. అవ్వ నా చేయి పట్టుకుని ఆపింది. "నీ దుడ్లెందుకు? మాట ఇచ్చింది నువ్వా? సారుది సాలు."

చీటీ నా చేతికిచ్చి అట్లాగే చూస్తూ కూర్చుంది. "చింపవా? సారు మా ముందరే చింపేటోడు."

ఇంట్లో ఆయన సంతకాలు చాలా ఉన్నాయి. పాస్ పుస్తకాల్లో, పాత మార్కుల పట్టీల్లో. వాటితో ఇప్పుడు ఎవరికీ ఏమీ రాదు. ఎవరైనా వచ్చి డబ్బు అడగగలిగే సంతకం ఇదొక్కటే మిగిలింది. చీటీని ఉంచుకుంటానంటే అవ్వ కాదనేది కాదు. కానీ డబ్బు ఇచ్చాక చీటీ ఉంచుకోవడమంటే ఆయన చెప్పిందాంట్లో సగమే చేయడం.

సంతకం మీదుగా చించాను. అట్ట మెత్తబడి ఉంది, చప్పుడు కూడా రాలేదు. అక్షరం ఒక ముక్కలో, గీతా చుక్కా ఇంకో ముక్కలో. "అయిపాయ" అంది అవ్వ, డబ్బు కొంగున ముడివేసుకుంటూ.

రెండు ముక్కలూ డబ్బాలో పెట్టి మూత వేశాను. తిరుగు బస్సులో మంచు లేదు, చేలు మామూలుగా కనిపించాయి. శిరివెళ్ల దాటాక నిద్రపట్టింది. ఈసారి ఆయన రాలేదు.