పొద్దుగూకాక నీళ్లు లేవు

ఈ పొద్దున మా తోడికోడలి కూతురు నిద్రలో బొంత తడిపింది. "ఇవాళ్టినుంచి పొద్దుగూకాక దీనికి చుక్క నీళ్లు పోయొద్దు" అన్నారు మా అత్తగారు. వింటుంటేనే నా గొంతు ఎండిపోయింది.

మీకూ గుర్తున్నాయా, మిరప కల్లం ఘాటూ తడి బొంత వాసనా కలిసిన ఆ పొద్దుటిపూటలు? నా చిన్నప్పుడు మా అమ్మ రాత్రిళ్లు పండుమిరప పచ్చడి కలిపి అన్నం పెట్టి, నీళ్ల చెంబు అందకుండా దాచేసేది. "నీళ్లమ్మా" అంటే, "తాగి మళ్లీ పక్క ముంచుతావా?" అని కసిరేది. నోరు మండుతూనే పడుకునేదాన్ని. అయినా తెల్లారేసరికి పక్క తడిసే ఉండేది. నేనేమైనా కావాలని చేశానా?

సాయంత్రం పిల్ల అన్నం తిని నా వైపు చూసింది. అత్తగారి ఎదుట నోరెత్తని నేను, గ్లాసు నింపి ఇచ్చాను.

"బొంత ఎవరుతుకుతారమ్మాయ్?"

"నేనే ఉతుకుతాను అత్తయ్యా."