దర్జీ మామ తడిపిన గుడ్డ

శుక్రవారం నమాజు చేసుకొచ్చి, మిషన్ ముందు కూర్చున్నవాడు కూర్చున్నట్టే మా దర్జీ మామ పోయినాడు. వాళ్ళ కూతురు ఫోనులో చెప్తే, "ఏందమ్మా, మొన్నే గదా నా కొలతలు తీసింది!" అని అరిచినా. మార్కాపురంలో ఆయన దగ్గర ప్యాంట్లు కుట్టించుకోనివాళ్ళు తక్కువ. నా ప్యాంటు సంగతి వేరే.

నాలుగేండ్ల కింద పలకల గనిలో కాలుజారి, రాతి అంచు మీద గుర్రమెక్కినట్టు పడ్డా. మూత్రం పోయే దారి నలిగి మూసుకుపోయింది. రెండుసార్లు ఆపరేషన్ చేసినారు, రెండుసార్లూ మళ్ళీ మూసుకుంది. పొట్టకు పైపు, దానికో సంచి. సిగ్గుతో ఇల్లు కదల్లేదు. మామే ఇంటికొచ్చి కొలతలు తీసి, లోపల సంచి పట్టే జేబుతో వదులు ప్యాంటు కుట్టి తెచ్చినాడు. "నీకూ నాకూ తప్ప ఎవనికి తెలుస్తాది అల్లుడా? పా, టీ తాగొద్దాం." ఆ రోజు ఆయన రాకపోయింటే నేను గడప దాటేవాణ్ణి కాదు.

హైదరాబాదుకు తోడొచ్చిందీ ఆయనే. చెంప లోపలి నుంచి గోరంత పొర తీసి, ల్యాబులో దాని కణాలు పెంచి, ఇరుకైన చోట కొత్త పొరగా వేస్తామన్నాడు డాక్టరు. కొత్త పద్ధతి, అందరికీ నిలుస్తుందని చెప్పలేమన్నాడు. కుట్టినాక ముడుచుకుంటాదని, తడిపి ఆరబెట్టని గుడ్డకు మామ ఎప్పుడూ కత్తెర పెట్టేవాడు కాదు. అందుకే అడిగేసినాడు: "సార్, కుట్టినాక ముడుచుకోదు గదా?"

నాకు తల కొట్టేసినట్టయింది. డాక్టరు మాత్రం నవ్వలేదు. "మా భయమూ అదే పెద్దాయనా. ఏడాది చూస్తేగానీ తెలియదు."

పైపు తీసిన రోజు బాత్రూం బయట నిలబడి, "వచ్చిందా?" అని వార్డంతా వినేటట్టు అరిచినాడు మామ. "వచ్చింది మామా!" అన్నా, ఏడుస్తా.

అయినా భయం పోలేదు. మళ్ళీ మూసుకుంటే? సంచి లేకపోయినా ఆ జేబు ప్యాంట్లే వేసుకుంటా ఉండినా. మామకు అది నచ్చేది కాదు. మొన్న ఏడాది చెకప్ దగ్గరపడితే, పిలిచి కొత్త ప్యాంటుకు కొలతలు తీసినాడు.

ఆయన పోయిన నాలుగోరోజు చెకప్‌కు ఒక్కణ్ణే పోయినా. దారి బాగా తెరుచుకొనే ఉందన్నాడు డాక్టరు. చెప్పుకుందామంటే మామ లేడు. నేరుగా దుకాణానికే పోయినా. కూతురు కొలతల పుస్తకం తీసి నా పేరు దగ్గర వేలు పెట్టింది.

"అన్నా, మా అబ్బా కొలతలు తీసినప్పుడే రాసిపెట్టినాడు. లోపలి జేబు వద్దని."

దుకాణం ముందు తీగ మీద, ఆయన తడిపి ఆరేసిన నా ప్యాంటు గుడ్డ బాగా ఆరిపోయి గాలికి ఊగుతా ఉంది.