తెల్ల ఎలుగుకు దారి చూపిన రుల్తినా

రుల్తినాకు యాభై ఆరేళ్లు. రష్యాకు ఈశాన్య కొసన, చుకోట్కా తీరంలోని ఒక ఊళ్లో ఇరవై ఏళ్లు బడి వంటశాలలో గరిటె తిప్పింది. ఊళ్లోకి దిగే తెల్ల ఎలుగుల్ని తరమడానికి కాపలాదళం పెట్టినప్పుడు మగవాళ్లు వెనకాముందూ ఆడుతుంటే, తానే వచ్చి తుపాకీ భుజాన వేసుకుంది. వేటగాడైన తండ్రి నేర్పిన గురి ఆమెది. అయినా పదకొండేళ్లలో ఒక్క ఎలుగునూ చంపలేదు. గాలిలోకి కాల్చి, బెదరగొట్టి పంపేసేది.

ఆమె చిన్నతనంలో అక్టోబరుకల్లా సముద్రం గడ్డకట్టేది. ఎలుగులు మంచు మీదే సీల్ జంతువులను వేటాడుకుంటూ ఊరివైపు కన్నెత్తి చూసేవి కావు. ఇప్పుడు నవంబరు సగమైనా నీళ్లు నల్లగా కదులుతూనే ఉంటాయి. నిలవడానికి మంచు లేక, పొడుగు కోరల భారీ వాల్రస్‌లు గుంపులుగా ఒడ్డెక్కి, తొక్కిసలాటలో కొన్ని చచ్చిపోతాయి. ఆ వాసనకు ఎలుగులు దిగుతాయి.

ఆ ఏడు ఒక తల్లి ఎలుగు రెండు పిల్లలతో వచ్చి, బడి వెనక పాడుబడ్డ ఇంట్లో దూరింది. చిక్కి శల్యమైపోయింది. బడి మూసేశారు. ఊరంతా సమావేశాలు జరిగే క్లబ్బులో చేరి, కాల్చేయాల్సిందేనన్నారు.

“రెండు రోజులు ఆగండి. దానిక్కావాల్సింది మన పిల్లలు కాదు, తిండి,” అంది రుల్తినా.

“చెప్పొచ్చావులే అక్కా! నిరుడు ఒక ఎలుగు నా కుక్కను చీల్చినప్పుడూ ఇదే మాటన్నావు,” అన్నాడు ట్రాక్టరు నడిపే కావ్రీ.

“అందుకే నిన్ను రమ్మంటున్నా. బండి తియ్యి. నన్ను తిట్టాలనుంటే దారిపొడుగునా తిట్టుకో.”

ఆ చలికాలంలో పగటి వెలుతురుండే నాలుగు గంటల్లోనే పని కావాలి. మర్నాడు తెల్లవారగానే, చచ్చిన వాల్రస్‌ను గొలుసుతో ట్రాక్టరుకు కట్టి ఆ ఇంటి ముందుగా ఈడ్చుకెళ్లారు. తల్లి ఎలుగు ముక్కెత్తి వాసన చూసి, పిల్లల్ని వెంటేసుకుని బయటికొచ్చింది. ముందు ట్రాక్టరు, వెనక మూడు ఎలుగులు. జనం కిటికీలకు అతుక్కుపోయారు.

నాలుగు కిలోమీటర్లు పోయాక గొలుసు ఊడింది.

“దిగకక్కా, నీకు దండం పెడతా!” అన్నాడు కావ్రీ.

రుల్తినా దిగింది. ఎలుగు నలభై అడుగుల దూరంలో ఉంది. “ఆగవే తల్లీ, నీకే తీసుకెళ్తున్నా. కాస్త ఓపిక పట్టు,” అంటూ గొలుసు కొక్కెం తగిలించింది. ఎలుగు బుసకొట్టింది గానీ అడుగు వేయలేదు. రుల్తినా మళ్లీ బండెక్కి, పోనిమ్మని చెయ్యి ఊపింది.

కావ్రీ ఆ తర్వాత ఒక్క తిట్టూ తిట్టలేదు.

ఊరికి దూరంగా, సముద్రంలోకి చొచ్చుకొచ్చిన కొండకొమ్ము దగ్గర ఆ వాల్రస్‌ను ఎలుగులకు వదిలారు. ఆ వారంలో ఇంకో అయిదు కళేబరాలు అక్కడికే చేర్చారు. బడి తెరిచారు. పన్నెండో రోజున ఉత్తరపు గాలి తిరిగి, సముద్రం గడ్డకట్టింది.

రుల్తినా, కావ్రీ గట్టుమీద నిలబడి దుర్భిణిలో చూశారు. తల్లి మంచు మీద నడుస్తోంది. పిల్లలు రెండూ దాని అడుగుల్లో అడుగేస్తున్నాయి.

“పోతోందక్కా! వెనక్కి కూడా చూడట్లేదు.”

“చూడకపోతేనే నయం,” అంటూ రుల్తినా నవ్వింది.

వచ్చే ఏడు మంచు ఇంకా ఆలస్యం కావచ్చని ఆమెకు తెలుసు. అయినా ఇంటికెళ్లి, వేడివేడిగా రెయిన్‌డీర్ మాంసపు చారు తాగి, పట్టపగలే ముసుగుతన్ని పడుకుంది.